పనికీ ప్రయాణానికీ నిలిచే చొక్కా

ఆరుబయట పనిచేసే మనిషి ఒంటి మీది చొక్కా నాలుగు పనులు చెయ్యాలి. ఎండను చర్మానికి తగలనివ్వకూడదు. పట్టిన చెమటను ఆరనివ్వాలి. ముల్లుకూ, రాపిడికీ, దుమ్ముకూ, దోమకూ అడ్డుగా నిలవాలి. రోజూ ఉతుకుతున్నా త్వరగా చిరగకూడదు. ఈ నాలుగూ ఒక్క బట్టలో సమంగా కుదరడం కష్టం. ముల్లును ఆపే దళసరి బట్ట తడిస్తే పూటంతా ఆరదు. ఇట్టే ఆరిపోయే పలుచని బట్ట కంపకు తగిలితే చిరుగుతుంది. అందుచేత చొక్కా ఎంపిక కొట్టులోకి అడుగుపెట్టకముందే మొదలు కావాలి. ఆ చొక్కా ఏ పనికి, ఏ ఊరి ఎండకు, రోజుకు ఎన్ని గంటలకు అన్నది ముందు తేల్చుకోవాలి. అది తేలాక చూడవలసినవి వరసగా దారం, నేత, రంగు, కత్తిరింపు, కుట్టు. ధర, కంపెనీ పేరు వీటన్నిటి తరవాత.

తెలుగు నేల మీద ఎండ అంతటా ఒక్క తీరుగా ఉండదు. పల్నాడులోని రెంటచింతల, గోదావరి ఒడ్డున రామగుండం వేసవి ఎండలకు పేరుపడ్డ ఊళ్లు. అక్కడ వేసవి గాలి పొడిగా ఉంటుంది. చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉష్ణోగ్రత అంతకన్నా తక్కువే ఉన్నా గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరక ఒంటి మీదే కారుతుంది. భారత వాతావరణ శాఖ లెక్కలో వడగాడ్పుగా ప్రకటించాలంటే మైదానాల్లో పగటి ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. తీర ప్రాంతాలకు ఆ హద్దు 37 డిగ్రీలే. తేమ కలిసిన వేడి తక్కువ డిగ్రీల దగ్గరే మనిషిని అలసటకు గురిచేస్తుంది. కాబట్టి రామగుండానికి సరిపోయిన చొక్కా కాకినాడకూ సరిపోతుందన్న హామీ లేదు. ఆపైన వానాకాలం ఉంది. లంబసింగి, అరకు వైపు చలికాలం ఉంది. ఒక్కొక్క కాలానిది ఒక్కొక్క కోరిక.

ఎండలో శరీరం చల్లబడడానికి ముఖ్యమైన దారి చెమట ఆరడమే. బయటి గాలి ఒంటికన్నా వేడెక్కినప్పుడు దాదాపు అదొక్కటే మిగులుతుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడి శరీరం నుంచి పోతుంది. అయితే ఈ మేలు ఆవిరైన చెమటతోనే వస్తుంది. బొట్లు బొట్లుగా నేలకారిన చెమట ఒంట్లోని నీటినీ ఉప్పునూ తీసుకుపోతుంది తప్ప చల్లదనం ఇవ్వదు. చొక్కా లోపలికి గాలి వెళ్లాలి, తేమ పట్టిన గాలి బయటికి రావాలి. ఆరుబయటి చొక్కాలో మిగతా సుగుణాలెన్ని ఉన్నా ఈ ఒక్కటి లేకపోతే అది వేసవిలో పనికిరాదు.

దారాల్లో మొదట చెప్పుకోవలసింది నూలు. మామూలు తేమ ఉన్న గాలిలో 100 గ్రాముల పొడి నూలు ఏడెనిమిది గ్రాముల తేమను పీల్చుకుంటుంది. అదే పరిస్థితిలో పాలిస్టర్ అర గ్రాము కూడా పీల్చుకోదు. నూలు బట్ట చెమటను తనలోకి తీసుకుని, ఒంటికి ఆనుకునే ఉండి నెమ్మదిగా ఆరుతుంది. పొడి గాలి వీచే చోట ఆ నెమ్మది ఆరుదలే గంటల తరబడి చల్లదనాన్నిస్తుంది. నూలుకు ఇంకో మంచి గుణం కూడా ఉంది. తడిసినప్పుడు దాని దారం బలం తగ్గదు సరికదా, కొంత పెరుగుతుంది. అందుకే రాయి మీద వేసి ఉతికినా, నీళ్లలో గట్టిగా పిండినా చాలాకాలం ఓర్చుకుంటుంది. లోపాలూ ఉన్నాయి. నలుగుతుంది, ముడుచుకుంటుంది, తడిస్తే బరువెక్కుతుంది. వానలోనూ చలిలోనూ తడిసిన నూలు చొక్కా ఒంటి వేడిని లాగేస్తుంది.

పాలిస్టర్‌ను 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేశారు. నలగకపోవడం, ముడుచుకోకపోవడం, త్వరగా ఆరడం, రాపిడికి తట్టుకోవడం దాని బలాలు. నీటిని పీల్చుకోదు గనక పిండి దులిపితే సగం ఆరినట్టే. దాని బలహీనతలకూ ఆ గుణమే మూలం. నున్నటి దళసరి పాలిస్టర్ చొక్కా కింద చెమట చర్మం మీదే నిలిచిపోయి జిగటగా ఉంటుంది. ఒంటి జిడ్డును పట్టి ఉంచుకోవడం వల్ల వాసన త్వరగా వస్తుంది, ఉతికినా పూర్తిగా వదలదు. ఆటగాళ్లు వేసుకునే పలుచని పాలిస్టర్ బనీనుల సంగతి కొంత వేరు. వాటి సన్నని పోగుల సందుల్లోంచి చెమట పైకి పాకి పలుచగా పరుచుకుని త్వరగా ఆరుతుంది. పరుగుకూ సైకిలుకూ అవి బాగుంటాయి. కంపల్లోకి వెళ్లే పనికి ఆ అల్లిక బట్ట నిలవదు. ముల్లు తగిలితే పోగు లేచిపోతుంది.

ఈ రెండింటినీ కలిపి వడికిన దారమే తెలుగు ఇళ్లలో టెరీకాటన్‌గా పేరుపడింది. పాలిస్టర్ 65 వంతులు, నూలు 35 వంతులు ఉన్న మిశ్రమం యూనిఫారాల బట్టలో బాగా వాడుకలో ఉంది. అది ఇస్త్రీ నిలుస్తుంది, ఏళ్ల తరబడి చిరగదు, కానీ నడివేసవికి ఉక్కగా ఉంటుంది. నూలు వాటా 60కి పైన ఉండి పాలిస్టర్ మిగిలినంత ఉన్న బట్ట పనికీ ప్రయాణానికీ మధ్యేమార్గం. నూలు చల్లదనం చాలా వరకు దక్కుతుంది, ఆరే సమయం తగ్గుతుంది, మోచేతుల దగ్గర అరుగుదల ఆలస్యమవుతుంది. తీర ప్రాంతంలో వానాకాలపు పనులకూ, నాలుగైదు రోజుల ప్రయాణాలకూ ఇలాంటి మిశ్రమం అనువైనది. తెలంగాణలోనూ రాయలసీమలోనూ నడివేసవి పనులకు మాత్రం పూర్తి నూలుకు సాటి వచ్చేది లేదు.

మిగతా దారాల గురించి కొద్దిమాటలు చాలు. నైలాన్ రాపిడికి అన్నిటికన్నా బాగా ఓర్చుకుంటుంది గాని, నెలల తరబడి ఎండ తగిలితే బలం కోల్పోతుంది. వెదురు బట్టగా అమ్ముతున్నవి చాలామటుకు విస్కోస్ రకాలే. మెత్తగా, చల్లగా ఉంటాయి. తడిసినప్పుడు మామూలు విస్కోస్ దారం బలం ఇంచుమించు సగానికి పడిపోతుంది కాబట్టి చెమటలో తడుస్తూ చేసే మోటు పనికి అవి తగవు. అవిసె నారతో నేసే లినెన్ వేడికి చాలా మంచిదే. ధర ఎక్కువ, మడతల దగ్గర పోగు విరుగుతుంది. సన్నని ఉన్ని చొక్కా చలి ప్రయాణాలకు మేలు. తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది, వాసన త్వరగా పట్టదు. బదరీనాథ్, కేదార్‌నాథ్ యాత్రలకు వెళ్లేవారికి లోపలి పొరగా అది అక్కరకు వస్తుంది.

దారం తరవాత నేత. పడుగు, పేక ఒకటి విడిచి ఒకటిగా అల్లుకునే సాదా నేత అన్నిటికన్నా సరళం. పాప్లిన్ ఆ జాతిది. అది తేలిక, గాలి ఆడుతుంది, చిరుగు పడితే మాత్రం తిన్నగా సాగిపోతుంది. పేక రెండేసి పడుగు పోగుల మీదుగా వెళ్లి, ప్రతి వరసలోనూ ఒక పోగు పక్కకు జరిగితే బట్ట మీద ఏటవాలు గీతలు తేలతాయి. ట్విల్, డ్రిల్లు, జీన్సు బట్టలది ఈ నేత. ఇందులో పోగుల్ని దగ్గరగా దట్టించవచ్చు కాబట్టి అంతే నూలుతో బలమైన బట్ట వస్తుంది. వంగినా లేచినా ఒంటితో కదులుతుంది, మురికి త్వరగా కనపడదు. మూడో రకం రిప్‌స్టాప్. సాదా నేతలో కొద్ది మిల్లీమీటర్లకొకటి చొప్పున లావు పోగు నిలువుగానూ అడ్డంగానూ వేస్తారు. బట్ట మీద చిన్న చిన్న గళ్లు కనిపిస్తాయి. చిరుగు మొదలైనా ఆ లావు పోగు దగ్గర ఆగిపోతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పారాచూట్ల బట్టకు వాడిన ఈ పద్ధతి తరవాత సైనికుల దుస్తుల్లోకీ, అడవుల్లో తిరిగేవారి చొక్కాల్లోకీ వచ్చింది. బరువు తక్కువగా ఉండి చిరగకూడదనుకునే ప్రయాణికులకు ఇది మంచి ఎంపిక.

బట్ట మందాన్ని చేత్తో తడిమి అంచనా వెయ్యడం అందరూ చేసేదే. తూకంతో చెబితే పొరపాటుకు తావుండదు. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందన్నదే ఆ కొలత. 100 గ్రాముల దరిదాపుల్లో ఉండే బట్ట చాలా పలుచన. ఎండ లోపలికి దిగుతుంది, ముల్లు ఆగదు. 120 నుంచి 150 గ్రాముల బట్ట ప్రయాణాలకూ, వేసవిలో తేలికపాటి పనులకూ సరిపోతుంది. 160 నుంచి 200 గ్రాముల ట్విల్ పొలం పనికీ, కట్టుబడి పనికీ, అడవి దారులకూ తగినది. 220 దాటితే అది చలికాలపు బట్ట, లేదా రాళ్లు, ఇనుము మోసేవారి బట్ట. దారం నంబరు కూడా ఒక గుర్తు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 100 నంబరు దారంతో నేసే పొందూరు ఖద్దరు మృదుత్వంలోనూ చల్లదనంలోనూ పేరెన్నికగన్నది. ఆ సన్నదనాన్ని కంపల్లో పనికి పెట్టడం తగదు. పనిచొక్కాకు 20 నుంచి 40 నంబరు లోపు దారం మేలు. రెండు పోగులు కలిపి పేనిన దారమైతే ఇంకా మన్నుతుంది.

చేనేత నూలుకు ఈ ఎంపికలో గట్టి చోటే ఉంది. మంగళగిరి వంటి చోట్ల దగ్గరి నేతతో వచ్చే సాదా నూలు బట్ట ఉతికేకొద్దీ మెత్తబడుతుంది, ఎండకాలం ప్రయాణానికి హాయిగా ఉంటుంది. కూర్చుని, నడిచి, బస్సెక్కి దిగే మనిషికి అది చక్కని చొక్కా. బరువులు మోసే భుజానికి మాత్రం మరమగ్గం మీదో మిల్లులోనో దట్టంగా నేసిన ట్విల్ ఎక్కువ కాలం నిలుస్తుంది.

రంగు విషయంలో రెండు సంగతులు కలగాపులగం అవుతుంటాయి. ఒకటి వేడి, రెండోది ఎండలోని అతినీలలోహిత కిరణాలు. లేత రంగు వేడిని తక్కువ పీల్చుకుంటుంది, నిజమే. కాని చర్మాన్ని కమిలించే అతినీలలోహిత కిరణాలను ముదురు రంగే బాగా ఆపుతుంది. బట్ట ఈ కిరణాలను ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే కొలతకు యూపీఎఫ్ అని పేరు. దీనికి 1996లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలు కలిసి ఒక ప్రమాణం ఏర్పరిచాయి. యూపీఎఫ్ 50 ఉన్న బట్టలోంచి కిరణాల్లో యాభయ్యో వంతు, అంటే నూటికి 2 వంతులు మాత్రమే లోపలికి వెళతాయి. పలుచని తెల్ల నూలు బట్టకు ఈ అంకె చాలామటుకు 10 లోపే. తడిసి ఒంటికి అంటుకుంటే ఇంకా పడిపోతుంది. అదే బట్ట దగ్గరి నేతగా, కొంచెం దళసరిగా, మధ్యరకం రంగులో ఉంటే రక్షణ ఎన్నో రెట్లు పెరుగుతుంది.

వేడి సంగతికి వస్తే రంగుకన్నా వదులు ముఖ్యం. ఎడారిలో బెదూయిన్లు నల్లటి అంగీలు ఎందుకు వేసుకుంటారన్న ప్రశ్న మీద 1980లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. వదులుగా ఉన్న నల్ల అంగీ వేసుకున్నా, తెల్ల అంగీ వేసుకున్నా చర్మానికి చేరిన వేడి ఇంచుమించు ఒక్కటేనని అందులో తేలింది. నల్ల బట్ట అదనంగా పీల్చుకున్న వేడిని లోపల కదిలే గాలి బయటికి తీసుకుపోయింది. ఒంటికి అతుక్కునే చొక్కాకు ఈ మేలు దక్కదు. వీటన్నిటినీ కలిపి చూస్తే ఆరుబయటి పనికి మట్టిరంగు, బూడిదరంగు, లేత ఆకుపచ్చ, మధ్యరకం నీలం వంటివి అనుకూలం. 1840ల్లో హ్యారీ లమ్స్‌డెన్ పెషావర్‌లో ఏర్పరచిన గైడ్స్ దళం ఎర్ర కోట్లు మాని ఖాకీ ఎంచుకున్నది దుమ్ములో కలిసిపోవాలనే. నేటికీ ఆటో నడిపేవారికీ లారీ నడిపేవారికీ ఆ రంగు పనికొస్తున్నది దుమ్ము, గ్రీజు త్వరగా బయటపడనివ్వదు కనకనే. మరీ ముదురు రంగులకు దోమలు ఎక్కువగా చేరతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. రాత్రివేళ రోడ్డు మీద పనిచేసేవారి లెక్క పూర్తిగా వేరు. వారికి దూరం నుంచి కనపడే పసుపు, నారింజ రంగులు, వెలుగుకు మెరిసే పట్టీలు ప్రాణరక్షణ.

కత్తిరింపులో మొదటి సూత్రం పూర్తి చేతులు. ఎండలో పొట్టి చేతులు చల్లగా ఉంటాయన్నది నీడపట్టున నిజం. ఎర్రటి ఎండలో బట్ట కప్పిన చెయ్యే తక్కువ వేడెక్కుతుంది, తక్కువ కమిలిపోతుంది. నీడకు వచ్చినప్పుడు పైకి మడుచుకోవచ్చు. ఆ మడత జారకుండా మోచేతి పైన పట్టీ, బొత్తం ఉంటే ఇంకా బాగు. ఛాతీ దగ్గర ఒంటి కొలతకన్నా 5, 6 అంగుళాలు ఎక్కువ ఉండాలి. వీపు మీద ఒక మడత ఇస్తే చేతులు ముందుకు చాచినప్పుడు బట్ట సాగి ఇస్తుంది. భుజాల మీద రెండు పొరల పట్టీ ఉంటే సంచీ, కావడి, పలుగు, పార మోసేటప్పుడు అరుగుదల తగ్గుతుంది. కాలరు నిలబెట్టుకుంటే మెడ వెనక భాగాన్ని కప్పేంత ఎత్తు ఉండాలి. కింది అంచు వంగినప్పుడు నడుము బయటపడనంత పొడుగుండాలి. పాతకాలపు లాల్చీల్లో చంక దగ్గర ఒక చిన్న పలక ముక్క అతికేవారు. చెయ్యి పైకెత్తినా చొక్కా పైకి లేవకుండా, కుట్టు పిగలకుండా ఆ ముక్క కాపాడుతుంది. పనిచొక్కాకు ఈనాటికీ అది ఎంతో ఉపయోగం.

తెలుగు పల్లెల్లో పత్తి తీతకూ మిరప కోతకూ వెళ్లే స్త్రీలు చీర మీద పూర్తి చేతుల చొక్కా తొడుక్కోవడం ఎక్కడైనా కనిపిస్తుంది. ఎండి విచ్చుకున్న పత్తికాయ తొనల కొనలు చేతులను గీరతాయి. మిరప ఘాటు చర్మాన్ని మండిస్తుంది. వరి ఆకు అంచు సన్నగా కోస్తుంది. వీటన్నిటికీ ఆ చొక్కాయే అడ్డు. అది చాలా ఇళ్లలో మగవాళ్లు వాడి పక్కన పెట్టిన చొక్కా. మోచేతుల దగ్గరా వీపు మీదా అప్పటికే పలచబడి ఉంటుంది. రక్షణ అక్కడే ఎక్కువ కావాలి. భుజం కిందికి జారుతుంది, చేతులు వేళ్ల దాకా వచ్చి పనికి అడ్డుపడతాయి, తుంటి దగ్గర బిగుస్తుంది. ఇంటిల్లిపాదిలో ఎండలో ఎక్కువ గంటలు వంగి పనిచేసే మనిషికి కొత్త చొక్కా ముందు దక్కాలి. ఆమె భుజం కొలతకు కుట్టించాలి. లోపలి రవికకూ, చెరగు మడతలకూ చోటు వదలాలి. తుంటి దగ్గర పక్క చీలికలు పెట్టించాలి. మణికట్టు దగ్గర బొత్తాం పట్టీ ఉండాలి. లోపలి వైపు ఒక జేబు ఉంటే చీరకొంగున కట్టుకునే డబ్బు, సెల్‌ఫోను భద్రంగా ఉంటాయి. 150 గ్రాముల నూలు బట్టతో కుట్టిన అలాంటి చొక్కా ఏ స్త్రీకైనా పని సౌకర్యాన్ని ఎంతో పెంచుతుంది.

బట్ట ఎంత మంచిదైనా చొక్కా మొదట పాడయ్యేది కుట్టు దగ్గరే. చంక, భుజం, పక్కకుట్టు, జేబు మూలలు అసలు పరీక్షా స్థలాలు. అంచును ఓవర్‌లాక్ చేసి ఒక్క వరస కుట్టు వేసి వదిలేసిన చొక్కా తక్కువ ధరకు వస్తుంది, తొందరగా పిగులుతుంది. రెండు అంచులనూ ఒకదానిలో ఒకటి మడిచి పైన రెండు వరసల కుట్టు వేస్తే పోగు బయటికి రాదు, బలం పెరుగుతుంది. జీన్సు ప్యాంట్లకు ఉండేది ఈ కుట్టే. అంగుళానికి 10 నుంచి 12 కుట్లు ఉండడం మంచిది. మరీ తక్కువైతే అతుకు నోరు తెరుస్తుంది. మరీ ఎక్కువైతే సూది రంధ్రాలు దగ్గరదగ్గరగా పడి దళసరి బట్ట అక్కడే చిరుగుతుంది. నూలు చొక్కాకైనా కుట్టుకు పాలిస్టర్ దారం వాడితే చెమటకు పుచ్చిపోదు. జేబు మూలల్లో చిన్న త్రికోణపు కుట్టు, కాజాల చుట్టూ దట్టమైన అల్లిక ఉన్నాయో లేదో చూడాలి.

జేబులు రెండు ఉంటే మంచిది. రెంటికీ మూత, మూతకు బొత్తం ఉండాలి. మూతలేని జేబులోంచి వంగినప్పుడల్లా కలం, ఫోను జారిపడతాయి. బొత్తాలు నాలుగు రంధ్రాలవైతే ఒక దారం తెగినా మరొకటి నిలుపుతుంది. లోపలి పట్టీ మీద ఒకటి రెండు అదనపు బొత్తాలు కుట్టి ఇచ్చే అలవాటు మంచిది. యంత్రాల దగ్గర పనిచేసేవారికి టిచ్ బొత్తాలు మేలు. చొక్కా ఎక్కడైనా చిక్కుకుంటే అవి ఊడి వచ్చి మనిషిని వదిలేస్తాయి.

యంత్రం మాట వచ్చినప్పుడు వదులు గురించి హెచ్చరిక అవసరం. నూర్పిడి యంత్రం, గడ్డి కోసే యంత్రం, మోటారు బెల్టు దగ్గర వేలాడే చేతులు, విప్పి ఉంచిన అంచు ప్రాణాపాయం తెస్తాయి. అక్కడ మణికట్టు బొత్తం పెట్టి, కింది అంచు లోపలికి దోపుకోవాలి. వెల్డింగు, కమ్మరి పని, ఇటుక బట్టీ, వంటల పొయ్యి దగ్గర పాలిస్టర్, నైలాన్ చొక్కాలు వేసుకోకూడదు. పాలిస్టర్ సుమారు 250 డిగ్రీల దాకా వేడెక్కితే కరిగి చర్మానికి అంటుకుంటుంది, గాయం లోతుగా దిగుతుంది. నూలు కరగదు. అయితే దానికీ నిప్పు అంటుకుంటుంది కాబట్టి దళసరి నూలును ఎంచుకోవాలి. పురుగుమందు చల్లేవారికి ఏ మామూలు చొక్కా కవచం కాదు. మందు పడి తడిస్తే వెంటనే విప్పి ఒళ్లు కడుక్కోవాలి. ఆ చొక్కాను ఇంట్లో బట్టలతో కలపకుండా విడిగా ఉతికి ఎండలో ఆరవెయ్యాలి. నీళ్లు కలపని మందుతో తడిసిన చొక్కాను మళ్లీ వాడకూడదు.

ప్రయాణపు చొక్కాకు అదనంగా మూడు లక్షణాలు కావాలి. రాత్రి ఉతికితే తెల్లారేసరికి ఆరాలి. సంచిలో మడిచిపెట్టి తీస్తే ఇస్త్రీ లేకుండానే తొడుక్కునేలా ఉండాలి. పొద్దున కొండ ఎక్కినప్పుడూ, సాయంత్రం గుడిలోనో బంధువుల ఇంట్లోనో కూర్చున్నప్పుడూ మర్యాదగా కనిపించాలి. 130 గ్రాముల దరిదాపులో ఉండే నూలు, పాలిస్టర్ మిశ్రమం, చిన్న గళ్లు లేదా సన్నని చారలు, నిలువుగా జిప్పు పెట్టిన ఒక లోపలి జేబు ఈ మూడింటినీ తీరుస్తాయి. చారలు, గళ్లు ముడతనూ మరకనూ దాచుతాయి. అలాంటివి రెండు చొక్కాలు, పైన వేసుకునేందుకు పలుచని గాలిచొక్కా ఒకటి ఉంటే వారం రోజుల ప్రయాణం తేలిక సంచితో సాగుతుంది. చలికి ఒక్క దళసరి చొక్కాకన్నా బనీను, చొక్కా, గాలిచొక్కా పొరలుగా వేసుకోవడం మేలు. పొరల మధ్య నిలిచే గాలి వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది.

కొనేటప్పుడు చిన్న పరీక్షలు చాలా విషయాలు చెబుతాయి. బట్టను వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే నేత సందులు కనపడతాయి. వేళ్లు స్పష్టంగా కనిపిస్తే ఎండ కూడా దిగుతుంది. పిడికిట్లో కొంతసేపు నలిపి వదిలితే ముడత తీరు తెలుస్తుంది. తడిపిన తెల్ల రుమాలుతో రుద్దితే రంగు అంటుతుందో లేదో తేలుతుంది. అంచులోంచి తీసిన ఒక పోగును అంటిస్తే నూలు కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసగా మారుతుంది. మిశ్రమంలో రెండు లక్షణాలూ కనిపిస్తాయి. తయారు చొక్కా అయితే తొడుక్కుని రెండు చేతులూ పైకెత్తాలి, కుర్చీలో కూర్చోవాలి, నేల మీద ఉన్నది అందుకున్నట్టు వంగాలి. ఎక్కడా పట్టెయ్యకపోతే కొలత సరిపోయినట్టు.

కుట్టించుకునేవారు బట్టను ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, పిండకుండా ఆరవేసి, ఆ తరవాతే దర్జీకి ఇవ్వాలి. నూలు బట్ట మొదటి ఉతుకులో నూటికి 3 నుంచి 5 వంతులు ముడుచుకోవడం మామూలు. 30 అంగుళాల చొక్కా 5 వంతులు ముడుచుకుంటే అంగుళంన్నర పొడుగు పోతుంది. 1930 ప్రాంతంలో శాన్‌ఫర్డ్ క్లూయెట్ కనిపెట్టిన పద్ధతిలో ముందే కుదించిన మిల్లు బట్టకు ఈ బాధ దాదాపు ఉండదు. పూర్తి చేతుల చొక్కాకు 36 అంగుళాల పన్నా బట్ట సుమారు రెండున్నర మీటర్లు, 58 అంగుళాల పన్నా అయితే సుమారు 1.6 మీటర్లు పడుతుంది. అదనంగా ఒక జానెడు బట్ట తీసుకుంటే తరవాత కాలరుకో మోచేతికో అతుకు వెయ్యడానికి అదే రంగు దొరుకుతుంది.

వాడకంలో జాగ్రత్త చొక్కా ఆయుష్షును పెంచుతుంది. చెమట ఉప్పు ఎండితే బట్ట బిరుసెక్కి బలం తగ్గుతుంది. అందుచేత ఇంటికి రాగానే చల్లని నీళ్లలో జాడించడం మంచిది. తిరగేసి ఉతికి, తిరగేసి ఆరవేస్తే పైరంగు నిలుస్తుంది. బ్లీచింగు నూలు పోగును తినేస్తుంది. వానాకాలంలో గంజి పెట్టిన చొక్కాకు బూజు త్వరగా పడుతుంది. తడి చొక్కాను మూట కట్టి ఉంచినా అంతే. రెండు చొక్కాలను రోజు మార్చి రోజు వేసుకుంటే ఒక్కొక్కటీ పూర్తిగా ఆరి, ఉప్పు వదిలి, ఎక్కువ కాలం నిలుస్తుంది.

ధర లెక్క చివరిది. 300 రూపాయల చొక్కా 100 రోజుల వాడకానికి పిగిలిపోయిందనుకుంటే రోజుకు 3 రూపాయలు పడింది. 800 రూపాయల చొక్కా 400 రోజులు వస్తే రోజుకు 2 రూపాయలే. ఈ లెక్కలో మరమ్మతుకూ చోటుంది. అంచు చిట్లిన కాలరును దర్జీ విప్పి, తిప్పి కుడితే మరి కొన్ని నెలలు కొత్తదానిలా ఉంటుంది. మోచేతికి లోపలి నుంచి అతుకు వెయ్యవచ్చు. ఊడిన బొత్తాన్ని అదే రోజు కుట్టుకుంటే కాజా సాగదు. భుజాల మీదా మోచేతుల దగ్గరా వెలుగు కనిపించేంతగా బట్ట పలచబడినప్పుడు మాత్రం దాన్ని ఎండలో పనికి వాడడం మానెయ్యాలి. దాని బొత్తాలను విప్పి దాచుకుని, గట్టిగా ఉన్న భాగాలను అతుకులకు ఉంచుకుని, ఇంట్లో ఎవరు ఎండలో పనిచేస్తున్నారో వారి కొలతకు మరో చొక్కా కుట్టించాలి.